మా వంటింట్లో రబ్బరు కప్పలు

పెళ్ళయిన ముప్ఫై ఆరేళ్ళలో మావారు మా వంటింటి గడప దాటింది మంచినీళ్ళ కోసమో, తాళంచెవులు ఎక్కడ పెట్టారో అడగడం కోసమో తప్ప మరెందుకూ కాదు. అందుకే ఆ రోజు సాయంత్రం స్కందగిరి గుడి నుంచి ఇంటికి వచ్చేసరికి ఆయన స్టవ్ ముందు నిలబడి నా పాలగిన్నెలో ఏదో తిప్పుతూ కనబడితే ముందు సంతోషించాననే చెప్పాలి. పాపం, నాకు కాఫీ కలుపుతున్నారేమో అనుకున్నాను.

ఆ సంతోషం అర నిమిషం నిలిచింది. తర్వాత వాసన తగిలింది. కాలిన వైరు వాసన, దానిమీద ఏదో ఘాటు. ముక్కు మండింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిన్నెలోకి తొంగి చూద్దును కదా, ఆకుపచ్చగా, జిగటగా, అంచుల్లో నల్లగా మాడిపోతూ ఒక ముద్ద!

"ఏమండీ, ఏమిటిది?"

"కప్పలు" అన్నారు ఆయన తల తిప్పకుండా.

నాకు నోట మాట రాలేదు. అంతలో హాల్లోంచి దగ్గు వినబడింది. మా బుజ్జిది. బుజ్జి అంటే మా అమ్మాయి కూతురు, ఆరేళ్ళు. అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకి పోతే స్కూలు అయ్యాక మా దగ్గరే ఉంటుంది. దానికి పిల్లికూతలు, ఆయాసం ఉన్నాయి. ఒక్క దగ్గుతో మొదలై, అయిదు నిమిషాల్లో పిల్ల ఊపిరి అందక ఛాతీ ఎగరేస్తోంది. స్టవ్ ఆపి, కిటికీలన్నీ తెరిచి, దాన్ని ఎత్తుకుని వీధి వరండాలోకి పరుగెత్తాను. డాక్టరుగారు రాసిచ్చిన పఫ్ కొట్టాక, తర్వాత నెబ్యులైజర్ పెట్టాక, ఎప్పటికో నెమ్మదించింది. ఆ గంట నేను ఎలా గడిపానో మనవల్ని పెంచుతున్న మీకు నేను చెప్పక్కర్లేదు.

రాత్రి పిల్ల నిద్రపోయాక ఆయన్ని కడిగేశాను. ఇన్నేళ్ళ కాపురంలో అంత కోపం రాలేదు నాకు. ఆయన తలొంచుకుని ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. అదే నాకు భయం వేసింది. ఎందుకంటారా? చెబుతాను.

ఆ కప్పల కథ

మావారు రైల్వేలో చేసి రెండేళ్ళ క్రితం రిటైర్ అయ్యారు. మొదటి నెల బాగానే గడిచింది. తర్వాత మనిషి మెల్లగా చల్లారిపోవడం మొదలైంది. పొద్దున్న పేపరు పట్టుకుని వరండాలో కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి పిలిచేదాకా అదే పేజీ. పద్మారావు నగర్ పార్కుకి నడకకి వెళ్ళండంటే వెళ్ళి బెంచీ మీద కూర్చుని వచ్చేవారు. ఏం అడిగినా "ఊఁ" అనడమే. బి.పి. పెరిగింది. డాక్టరుగారు మాత్రలు మార్చి, "ఏదన్నా వ్యాపకం పెట్టుకోండి" అన్నారు. వ్యాపకం మందులషాపులో దొరకదు కదండీ!

ఆ టైములో ఆయన పాత స్నేహితుడొకాయన వచ్చి, "పదరా, ఆదివారం మెదక్ వైపు చెరువుకి వెళ్దాం, గాలం వేద్దాం" అని లాక్కుపోయాడు. మావారిది గోదావరి పక్క ఊరు. చిన్నప్పుడు వెదురుకర్రకి గాలం కట్టి కాలవ గట్టున కూర్చున్న మనిషే. ఆ ఆదివారం రాత్రి ఇంటికి వచ్చినప్పుడు ముఖం ఎండకి కమిలి ఉంది, చేతిలో చేప లేదు. కానీ గంటసేపు నాతో కబుర్లు చెప్పారు! చెరువులో తామరాకుల గురించి, నీటికోడి గురించి, తప్పించుకుపోయిన కొర్రమీను గురించి. ఏడాది తర్వాత మా ఇంట్లో మళ్ళీ మాటలు వినబడ్డాయి. ఆ రోజు నుంచి ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి నేనే పులిహోర కట్టి ఇస్తున్నాను.

ఈ కొర్రమీను సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. మృగశిర కార్తెనాడు ఉబ్బసానికని వేసే చేపమందులో బతికున్న కొర్రమీను పిల్లనే మింగిస్తారు. మామూలు చేపలా నీళ్ళలో గాలితో సరిపెట్టుకోదు ఇది, పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. ఆకుల మధ్య, నాచు మధ్య నక్కి ఉండి, పైన కప్ప గెంతితే ఒక్క ఉదుటున పట్టేస్తుంది. అందుకే దీన్ని పట్టడానికి రబ్బరు కప్పలు వాడతారు. వేలెడంత ఉంటాయి, మెత్తగా జెల్లీలా, ముట్టుకుంటే నిజం కప్పలాగే వణుకుతాయి. కానీ కొర్రమీనుకి పళ్ళు గట్టివి. ఒకటి రెండు కాట్లకే కప్ప కాలు ఊడుతుంది. ఖరీదేమో, నాలుగు కప్పలకి మా ఇంట్లో వారం కూరలు వస్తాయి! పెన్షను మీద బతికేవాళ్ళం, ఎన్నని కొంటాం?

చినిగిన కప్పల్ని చెరువులో పారేయకుండా ఆయన నా ఖాళీ ఊరగాయ సీసాలో దాచేవారు. అది మంచి పనే. ఆ రబ్బరు నీళ్ళలో కుళ్ళదు, ఏళ్ళతరబడి పడి ఉంటుంది, చేపలు మింగితే వాటి కడుపులో ఉండిపోతుంది. సీసా నిండాక ఆయనకి బుద్ధి పుట్టింది, వీటిని కరిగించి మళ్ళీ పోస్తే కొత్త కప్పలు రావూ అని. అలా మొదలైంది నా పాలగిన్నె కథ.

ఇప్పుడు అర్థమైందా నా భయం? ఆ రాత్రి తలొంచుకుని కూర్చున్న మనిషిలో నాకు మళ్ళీ ఆ వరండాలో పేపరు పట్టుకున్న మనిషి కనిపించాడు. మానేయమంటే మారు మాట్లాడకుండా మానేస్తారు. వద్దనకపోతే పిల్లకి ప్రమాదం. తెల్లవార్లూ ఆలోచించి పొద్దున్న కాఫీ ఇస్తూ అన్నాను: "చేద్దురుగాని. కానీ నా వంటింట్లో కాదు, నా గిన్నెల్లో కాదు. ఎక్కడ, దేంట్లో, ఎంత వేడిలో అన్నది నేను ఒప్పుకున్నాకే."

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "నీకేం తెలుసోయ్ ఇందులో?" అన్నారు. చూడండి మరి! ముప్ఫై ఆరేళ్ళుగా రోజూ మూడుపూటలా వేడితో పని చేస్తున్నది ఎవరండీ?

అసలు ఇది ఏమిటి?

రబ్బరు అని పిలుస్తాం గానీ ఇది రబ్బరు కాదు. పి.వి.సి. అంటారే, పంపు గొట్టాలు చేసేది, అదే. గొట్టం గట్టిగా ఉంటుంది కదా, దాన్ని మెత్తబరచడానికి ఒక రకం నూనె లాంటి పదార్థం బాగా కలుపుతారు. పిండిలో డాల్డా కలిపితే బిస్కెట్టు గుల్లబారినట్టు. ఇలా పి.వి.సి.ని మెత్తబరచే ఉపాయం 1926లో అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్ళో ఒక టైర్ల కంపెనీలో పనిచేసే వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టారు. అదే ఊళ్ళో 1949లో నిక్ క్రీమ్ అనే ఆయన ఈ మెత్తటి ప్లాస్టిక్‌తో ఉత్తుత్తి వానపామును పోశారు. ఎక్కడ పోశారనుకున్నారు? తన ఇంట్లోనే, వంట పొయ్యి మీద! ఈ సంగతి చదివి చెప్పినప్పుడు మావారి ముఖం వెలిగిపోయింది. "చూశావా!" అన్నారు. "ఆవిడ ఎలా భరించిందో ఎవరూ రాయలేదు" అన్నాను నేను.

ఈ కలిపిన నూనె ఎప్పుడూ పక్కవాటిలోకి పాకుతూ ఉంటుంది. పిల్లల రబ్బరు ప్లాస్టిక్ పెన్సిల్ డబ్బాలో నెలలు పడి ఉంటే డబ్బాకి అతుక్కుని, డబ్బా అక్కడ కరిగినట్టు అవుతుంది, చూశారా? ఇదే కారణం. అందుకే రబ్బరు కప్పల్ని మన ప్లాస్టిక్ డబ్బాల్లో, టప్పర్లలో పెట్టనివ్వకండి. గాజుసీసా మంచిది. ఆ సీసా మళ్ళీ ఊరగాయకి వాడకూడదు సుమా!

ఇక వేడి. ఈ ప్లాస్టిక్ బాగా కరిగి పోయడానికి వీలుగా పలచబడేది సుమారు 165 నుంచి 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మనం పూరీలు వేయించే నూనె వేడి అనుకోండి. 200 దాటితే పాడవడం మొదలు. రంగు మారుతుంది, పొగ వస్తుంది, ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ అనే వాయువు ఉంటుంది. అది తడి తగిలితే ఆమ్లమైపోతుంది, బాత్‌రూములు కడిగే ఆసిడ్ జాతి. మన కళ్ళల్లో, ముక్కులో, గొంతులో ఉన్నది తడే కదా! మా బుజ్జి గొంతు పట్టేసింది అదే. అంటే కరగడానికీ కాలడానికీ మధ్య తేడా పాతిక ముప్ఫై డిగ్రీలే. పాకం పట్టిన చెయ్యికి ఇది వెంటనే అర్థమవుతుంది. తీగపాకానికీ ముదురుపాకానికీ మధ్య రెప్ప వేస్తే చాలు!

ఏ పొయ్యి, ఏ గిన్నె?

ఆ వారమంతా మా ఇంట్లో ఇదే చర్చ. ఒక్కొక్కటీ తీసుకుని చూశాం.

గ్యాస్ స్టవ్ మొదటే కొట్టేశాం. మంట గిన్నె అడుగునే తగులుతుంది. ఈ ప్లాస్టిక్ వేడిని త్వరగా పైకి పాకనివ్వదు. పైన ముక్కలు ఇంకా ముక్కల్లాగే ఉంటే అడుగున మాడిపోతుంది. పాలకోవా అడుగంటినట్టే. పైగా దాన్నుంచి వచ్చే నూనె ఆవిరి మంటకి దగ్గరగా ఉండటం ప్రమాదం.

"అయితే చాక్లెట్ కరిగించినట్టు నీళ్ళ గిన్నెలో గిన్నె పెడితే?" అని నేనే అన్నాను. అని నేనే నవ్వుకున్నాను. నీళ్ళు ఎంత మరిగినా 100 డిగ్రీలే. ప్రెజర్ కుక్కర్లో పెట్టినా 120 దగ్గర ఆగిపోతుంది. కొవ్వొత్తుల మైనం కరిగించడానికి నీళ్ళ గిన్నె పద్ధతి బంగారం. దీనికి చాలదు. పైగా నీటి చుక్క ఇందులో పడితే కాగే నూనెలో తడి గరిటె పెట్టినట్టు చిమ్ముతుంది.

ఇసుక? పూర్వం కుక్కర్లో ఇసుక పోసి కేకులు చేసుకునేవాళ్ళం కదా. సమంగా వేడి వస్తుంది, నిజమే. కానీ ఇసుక వేడెక్కిందంటే తగ్గమన్నా తగ్గదు. స్టవ్ ఆపినా వేడి పెరుగుతూనే ఉంటుంది. పాతిక డిగ్రీల తేడాలో నిలబెట్టాల్సిన పనికి అది పనికిరాదు.

ఇండక్షన్ స్టవ్ మీద డిగ్రీలు రాసి ఉంటాయి గానీ, ఆ లెక్క గాజు పలక కింద ఉన్న అడుగు వేడిది. గిన్నె లోపలిది కాదు. నా స్టవ్ మీద 180 పెట్టి నూనె పోసి చూస్తే థర్మామీటరు ఇంకో అంకె చెప్పింది. మందపాటి అడుగున్న గిన్నె, చిన్న సెగ, ఆపకుండా కలిపే ఓపిక ఉంటే ఎలక్ట్రిక్ హాట్ ప్లేటు మీద చేయొచ్చు. అమెరికాలో ఎక్కువ మోతాదులో పోసేవాళ్ళు వేడిని నిలిపే ఎలక్ట్రిక్ పాత్రలు వాడతారట. అడుగున కుళాయి, లోపల కలిపే కవ్వం ఉంటాయి వాటికి. నెలకి పాతిక కప్పలు పోసుకునే మనకి అంత హంగామా ఎందుకు?

చివరికి మిగిలింది మైక్రోవేవ్. ఇందులో మంట లేదు. అడుగు ఒక్కటే కాక లోపలంతా కాస్త కాస్త వేడెక్కుతుంది. అర నిమిషం పెట్టి తీసి, కలిపి, చూసి, మళ్ళీ పెట్టొచ్చు. ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగుతుంది. నా ఓటు దీనికే పడింది.

"అయితే మన మైక్రోవేవ్‌లో..." అని మావారు నోరు తెరవబోయారు. నేను చూసిన చూపుకి ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఒకసారి ఈ ప్లాస్టిక్ కరిగించిన అవెన్‌లో మళ్ళీ అన్నం కూర వేడి చేయకూడదండీ. ఆ ఆవిరి గోడలకి పడుతుంది. ఎంత తుడిచినా నమ్మడానికి లేదు. గిన్నెలూ గరిటెలూ అంతే. మా అమ్మాయి ఎక్స్చేంజిలో ఇచ్చేద్దామని పక్కన పెట్టిన పాత మైక్రోవేవ్ ఉంది. దాన్ని తెప్పించాం. దాని తలుపు మీద ఎర్ర పెయింటుతో నేనే రాశాను: "ఇది వంటకి కాదు". రేపు ఇంట్లో పనిమనిషి మారినా, మేం లేనప్పుడు ఎవరొచ్చినా తెలియాలి కదా.

గిన్నె విషయానికి వస్తే మైక్రోవేవ్‌లో స్టీలు పనికిరాదు. మామూలు గాజుగ్లాసు ఆ వేడికి ఠప్పున పగులుతుంది. పిడి, మూతి ఉన్న బోరోసిలికేట్ గాజు కొలతకప్పు కొన్నాం. మూతి ఉంటే సన్నటి ధారగా పోయొచ్చు. పిడి ఉంటే చెయ్యి కాలదు. దాన్ని వేడి మీద చల్లటి గచ్చు మీద పెట్టకూడదు, చెక్క పీట మీద పెట్టాలి. కప్పు సగానికి మించి నింపకూడదు.

థర్మామీటరు లేకుండా ఈ పని మొదలే పెట్టకూడదు. నూనె వేడి చూసే పొడుగు కడ్డీ రకం, 300 డిగ్రీల దాకా చూపేది తీసుకున్నాం. తుపాకీలా గురిపెట్టి చూసేవీ ఉన్నాయి గానీ అవి పైపొర వేడిని మాత్రమే చెబుతాయి. బాగా కలిపి, వెంటనే చూస్తేనే వాటి లెక్క నమ్మొచ్చు.

ఇక మాస్కు. 2020లో కరోనా రోజుల్లో కొన్న మాస్కులు బీరువాలో బోలెడున్నాయి, అవి చాలవా అన్నారు. చాలవు. అవి తుంపర్లనీ దుమ్మునీ ఆపుతాయి. గాలిలో కలిసిన వాయువుని ఆపలేవు. రాణిగంజ్‌లో పరిశ్రమలకి సామాన్లు అమ్మే దుకాణాల్లో రెండు పక్కలా డబ్బీలుండే రబ్బరు మాస్కులు దొరుకుతాయి. రసాయన ఆవిరికీ ఆమ్ల వాయువులకీ పనికొచ్చే డబ్బీలు అడిగి తీసుకోవాలి. దానితోపాటు కళ్ళద్దాలు, మోచేతుల దాకా వచ్చే తోలు గ్లవ్స్ కొన్నాం. నూలు చొక్కా, పొడుగు చేతులు. టెర్లిన్, నైలాన్ వద్దు. ఈ కరిగిన ప్లాస్టిక్ ఒంటిమీద పడితే కాలిన పంచదార పాకంలా అంటుకుపోతుంది. అలా పడితే పీకకూడదు. చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోసి డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. టూత్‌పేస్టు, ఇంకు, వెన్న రాయకండి.

మొత్తం ఖర్చు చూసి మావారు నీళ్ళు నమిలారు. "ఈ డబ్బుతో రెండేళ్ళకి సరిపడా కప్పలు కొనొచ్చోయ్" అన్నారు. నిజమే. నేను కాదనలేదు. కానీ రెండేళ్ళు కూర్చుని కప్పలు కొనడం వేరు, కూర్చుని కప్పలు చేయడం వేరు. నా చీటీపాట డబ్బు తీసి ఇచ్చాను. ఆయన వరండాలోకి తిరిగి వెళ్ళకుండా ఉండటానికి అది ఎక్కువ ఖర్చు అనిపించలేదు నాకు.

మేడమీద కార్ఖానా

మా మేడమీద రేకుల పందిరి ఒకటుంది, మూడువైపులా గాలి ఆడుతుంది. అక్కడ పెట్టాం. మైక్రోవేవ్ మామూలు సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడవకూడదు, వైరు కాలుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ ఉన్న పెద్ద పిన్ను ప్లగ్గు పెట్టించాం. పక్కన ఒక బక్కెట్ పొడి ఇసుక, కప్పు మీద మూయడానికి ఒక స్టీలు మూత. మంట అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. అవెన్‌లో అయితే తలుపు తెరవకుండా స్విచ్చి తీసేయాలి.

తర్వాత నా షరతులు. ఒకటి, బుజ్జి స్కూల్లో ఉన్న వేళే. రెండు, నేను వడియాలు పెట్టిన రోజు వద్దు, పక్కింటి పిన్నిగారు బట్టలు ఆరేసిన రోజు వద్దు, వాన ముసురు ఉన్న రోజు అసలే వద్దు. మూడు, గాలి మన వీపు వైపు నుంచి వీచేలా నిలబడాలి. నాలుగు, పని అయ్యాక స్నానం చేసి, చొక్కా మార్చుకున్నాకే పిల్లని ఎత్తుకోవాలి. అయిదు, థర్మామీటరు 180 చూపిస్తే ఎంత బాగా కుదురుతున్నా ఆపేయాలి.

కప్పల్ని ముందు విడదీశాం. ముల్లు, సీసం ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు, లోహం మైక్రోవేవ్‌లో మెరుపులు మెరుస్తుంది. రబ్బరు బ్యాండులా చాలా దూరం సాగేవి కొన్ని వచ్చాయి. అవి వేరే జాతి ప్లాస్టిక్, వీటితో కలవవు. తీసి పక్కన పెట్టాం. మిగిలినవి సబ్బునీళ్ళతో కడిగి, రెండు రోజులు ఎండలో పెట్టి, దొండకాయ ముక్కల్లా సన్నగా తరిగాం. చిన్న ముక్కలైతే సమంగా కరుగుతాయి. ఇంట్లో కనబడ్డ ప్రతి ప్లాస్టిక్కూ ఇందులో వేయకూడదు. పంపు గొట్టం ముక్కలు, చెప్పులు, క్యారీబ్యాగులు, దేనికదే వేరు. ఏది ఏ పొగ వదులుతుందో చెప్పలేం.

అచ్చు ఆయనే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేశారు. ఆరిందని ఆయన, ఆరలేదని నేను. పైకి ఎండినా లోపల తడి ఉంటుంది, వేడి ప్లాస్టిక్ పోస్తే బుడగలు వచ్చి చిమ్ముతుంది. చివరికి నా వంటింటి కాటాలో రోజూ తూచాం. ఆరో రోజుకి బరువు తగ్గడం ఆగింది. వడియం గలగలలాడిందన్నమాట! అప్పుడు పలచగా కలిపిన తెల్ల జిగురు రెండు పూతలు వేసి మళ్ళీ ఆరబెట్టారు.

మొదటిసారి పోసిన రోజు నేనూ దూరంగా నిలబడి చూశాను. ఒక నిమిషం, తీసి కలపడం. అర నిమిషం, తీసి కలపడం. ముక్కల అంచులు మెత్తబడ్డాయి, ముద్దలా అయింది, తర్వాత మెల్లగా తేనెలా జారింది. "ఎంత?" అన్నాను. "నూట అరవై ఎనిమిది" అన్నారు మాస్కులోంచి. "చాలు, పోసేయండి. పాకం తీయాల్సినప్పుడే తీయాలి."

అచ్చులోంచి తీసిన మొదటి కప్పకి ఒక కాలు లేదు. రెండోది బుడగలు. మూడోది చక్కగా వచ్చింది. మావారు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసిన చూపు, మా అమ్మాయి పుట్టినప్పుడు చూసిన చూపు. నవ్వకండి, నిజం!

రెండో నెలలో ఒకసారి మాటల్లో పడి నిమిషం ఎక్కువ పెట్టారు. తలుపు తీసేసరికి సన్నగా పొగ, 192 చూపించింది. ఆయన కంగారుపడకుండా మూత పెట్టి, ప్లగ్గు తీసి, కిందకి వచ్చేసి, "ఈ పూటకి అయిపోయింది" అన్నారు. ఆ ముద్ద పారేశారు. అంత ఖరీదైన కప్పల ముద్ద! ఆ రోజు నాకు ఆయన మీద పూర్తి నమ్మకం కుదిరింది.

ఇంకో మాట. అన్నీ సరిగ్గా చేసినా ఈ పని పిల్లల దగ్గర, కడుపుతో ఉన్నవాళ్ళ దగ్గర, ఆయాసం ఉన్నవాళ్ళ దగ్గర చేయకూడదు. మేడ లేని అపార్ట్‌మెంట్ వాళ్ళు, బాల్కనీలో కానిద్దాం అనుకోకండి. పైఇంటి వాళ్ళకీ ఊపిరితిత్తులుంటాయి. అలాంటప్పుడు చినిగిన వాటిని రెండు అంచులూ వేడిచేసి అతికించుకునే పాటి పనితో కూడా సరిపెట్టకుండా, కొనుక్కోవడమే మంచిది.

కొర్రమీను పులుసు

మొన్న మృగశిర కార్తె ముందు ఆదివారం మావారు తను పోసిన కప్పలు పట్టుకుని చెరువుకి వెళ్ళారు. అక్కడ మత్స్యకారుల సంఘం వాళ్ళని అడిగే వేస్తారు గాలం, చెరువు మీద హక్కు వాళ్ళది. సాయంత్రం వట్టి చేతులతో వచ్చారు. ముఖం మాత్రం కళకళలాడుతోంది.

"పడలేదా?"

"వేయలేదోయ్. గట్టు దగ్గర ఎర్రగా గుంపుగా పిల్లలు. వందలు! కింద తల్లీ తండ్రీ కాపలా తిరుగుతున్నాయి. అప్పుడు కప్పని వేస్తే పిల్లల్ని కాపాడుకోవడానికి మీద పడి కరుస్తాయి, సులువుగా దొరుకుతాయి. అవి పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. గాలం మడిచేశాం ఇద్దరం."

బుజ్జి ఆయన ఒళ్ళో కూర్చుని "వందంటే ఎన్ని తాతయ్యా?" అని అడుగుతోంది. నేను వంటింట్లోకి వచ్చి కాసేపు ఊరికే నిలబడ్డాను.

కార్తెనాడు పొద్దున్నే రాంనగర్ మార్కెట్‌కి వెళ్ళి, ఆ జనంలో తోసుకుని, కొర్రమీను కొనుక్కొచ్చారు. రాళ్ళ ఉప్పు, పసుపు వేసి జిగురు పోయేదాకా రుద్ది కడిగి, మట్టి దాకలో చింతపండు పులుసు పెట్టాను. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా దాకనే పట్టుకుని తిప్పాలి, లేకపోతే చితికిపోతాయి. దించేముందు మెంతిపొడి చిటికెడు, కొత్తిమీర. మర్నాటికి ఇంకా బావుంటుంది.

నా పాత పాలగిన్నె ఏమైందంటారా? అది మళ్ళీ పొయ్యి ఎక్కలేదు. వరండాలో ఆయన పేపరు పట్టుకుని కూర్చునే కుర్చీ ఉండేది చూడండి, అక్కడ అందులో మనీప్లాంటు పెట్టాను. కుర్చీ మేడ మీదకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒకరోజు మావారు జనరల్ బజారుకి వెళ్ళి కొత్త పాలగిన్నె తెచ్చారు. అడుగు మందంగా, పిడి గట్టిగా ఉంది. తిప్పి చూద్దును కదా, మన చిన్నప్పుడు సారె గిన్నెల మీద చెక్కించినట్టు, నా పేరు చెక్కించి ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో రెండు మాటలు:

"వంటకి మాత్రమే".